డెస్క్‌టాప్ నంబరు నాలుగు గారి సర్వీసు పుస్తకం

మా మండల ధ్రువీకరణ కేంద్రంలో మూడు ఉద్యోగాలు పదకొండేళ్ళుగా ఖాళీగా ఉండేవి. జూన్ ఎనిమిదో తేదీ ఆదివారం నాడు అవి ఒక్క దెబ్బతో భర్తీ అయిపోయాయి. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, ఎవరి సిఫారసూ లేదు. సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి కొత్త ఉద్యోగులు ముగ్గురూ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకరు నాలుగో నంబరు డెస్క్‌టాప్. రెండోవారు ప్రింటరు. మూడోవారు గోడకి బిగించిన వేలిముద్రల యంత్రం.

రాజధానిలోని మా సంచాలకుల కార్యాలయం వారు దీనికి 'సమభావన 3.0' అని పేరు పెట్టారు. పైకి చూడ్డానికి అది కంప్యూటర్లలోకి పంపిన ఒక అప్‌డేట్. లోపల మాత్రం మహత్తరమైన ఆశయం ఉంది. "యంత్రమనగా సామగ్రి యనెడి కాలంచెల్లిన భావనకు స్వస్తి పలుకుచూ, సేవలందించు ప్రతి యంత్రమును ఉద్యోగిగా గుర్తించడమైనది" అని సర్క్యులర్ వచ్చింది. అప్‌డేట్ ఎక్కిన ప్రతి యంత్రానికీ ఒక ఉద్యోగి నంబరు వస్తుంది. హాజరు దానంతట అదే పడుతుంది. ధ్రువీకరణ శాఖలో ఇక ఒక్క ఖాళీ కూడా లేదని మర్నాడు పేపర్లో వేశారు. ఈ శాఖలో ఇరవై తొమ్మిదేళ్ళుగా గుమస్తాగిరీ చేస్తున్న నాకన్నా డెస్క్‌టాప్ గారి నంబరు ముందుంది. నంబర్లు వేసింది ఆయనే కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన పదకొండో నిమిషంలో ఆయన పడిపోయారు. తెర మొత్తం నీలంగా మారింది, ఓ మూల ఏడుపు మొహం బొమ్మ వచ్చింది, దాని కింద ఎవరికీ అర్థం కాని అంకెలు వచ్చాయి. మూడు నిమిషాలకి తనంతట తనే లేచారు. మళ్ళీ పదకొండో నిమిషంలో పడ్డారు. సాయంత్రానికి లెక్క చూస్తే ముప్ఫై నాలుగు సార్లు పడి లేచారు.

పాత రోజుల్లో ఒక నివాస ధ్రువపత్రం తీయడానికి నాలుగు నిమిషాలు పట్టేది. సమభావన వచ్చాక దరఖాస్తుదారుడి వివరాల కన్నా ముందు యంత్రం యోగక్షేమాలు నింపే పేజీలు ఏడు కలిశాయి. దాంతో పద్నాలుగు నిమిషాలు పడుతోంది. పదకొండులోంచి పద్నాలుగు పోదని ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. పోనీ ఇంకో కంప్యూటర్లో తీద్దామా అంటే, మా మండలం ధ్రువపత్రాలు మా మండలం పేరున నమోదైన యంత్రంలోంచే రావాలి. ఆ యంత్రం నాలుగో నంబరు ఒక్కటే.

ఆ సోమవారం వరసలో మొదట నిలబడ్డవాడు గవరయ్య. మూడు చక్రాల బండి మీద కూరగాయలు అమ్ముతాడు. పక్కన పదేళ్ళ కూతురు, పేరు తనూష.

"మా గుంటకి గురుకులంలో సీటొచ్చిందండి బాబూ. ఆరో తరగతి. ఇక్కడోల్లమేనని కాయితం కావాలంట" అన్నాడు.

"ఎప్పటిలోగా?"

"ఇరవై నాలుగో తారీకు, సాయంత్రం అయిదు. దాటితే ఇంకోల్లకి ఇచ్చెత్తారంట."

ఇంకా పదిహేను రోజులుందిలే అన్నాను. ధైర్యం చెప్పడం మా శాఖలో ఖర్చు లేని పని. ఆ పిల్లకి తల్లి లేదని, గవరయ్య తెల్లారకముందే మార్కెట్‌కి పోతాడని, అప్పట్నుంచి బడి వేళ దాకా ఆ పిల్ల ఒక్కతే గదిలో లోపల గొళ్ళెం పెట్టుకుని కూర్చుంటుందని అతను తర్వాత చెప్పాడు. హాస్టల్ ఉన్న బడి అయితే తనకి నిద్ర పడుతుందట. అతనికి కావలసిందల్లా అంతే.

తనూష మాత్రం తెర మీద ఏడుపు మొహాన్ని చూస్తూ నిలబడింది. "నాన్నా, దాన్నెవరో కొట్టినారు" అంది.

మా ఆఫీసుకి ఎదురుగా జెరాక్సు, నెట్ సెంటరు పెట్టుకున్న నూకరత్నాన్ని పిలిచాను. మా ఊళ్ళో కంప్యూటర్ అనేది పాడైతే బాగుచేసేది ఆవిడే. వచ్చి తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టింది. ఫ్యాను దుమ్ము ఊదింది. తర్వాత ఏవో మీటలు నొక్కి, అవసరమైన కార్యక్రమాలు తప్ప మిగతావన్నీ ఆపేసే సేఫ్ మోడ్‌లో తెరిచింది. పదకొండు నిమిషాలు దాటాయి. ఇరవై దాటాయి. డెస్క్‌టాప్ గారు నిక్షేపంలా ఉన్నారు.

"చూసినావా బాబాయ్" అంది. "మిషన్‌కి ఏ రోగమూ లేదు. మీవోళ్ళు పంపిన అప్‌డేట్‌లో హాజరేసే ప్రోగ్రాం ఉంది కదా, అదీ పాత ప్రింటర్ ప్రోగ్రామూ కొట్టుకుంటున్నాయి. సేఫ్ మోడ్‌లో ఆ రెండూ ఉండవు గనక బాగుంది."

"అయితే ఇలాగే ఉంచెయ్యి."

"ఇలాగైతే నెట్ రాదు, ప్రింటూ రాదు. ఆ అప్‌డేట్ తీసేసి పాతదానికి దింపేస్తే సరి. పది నిమిషాల పని."

ఆవిడ మౌస్ మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి వైకుంఠరావు గారు "ఆగండి" అన్నారు. ఆయన మా మండల ధ్రువీకరణాధికారి. ఎప్పుడూ ఏ కాగితమూ ఆపలేదు, ఎప్పుడూ ఏ కాగితమూ పంపలేదు. అందువల్ల సర్వీసులో ఒక్క మచ్చ కూడా లేదు.

"దింపడమంటే ఏమిటి?" అని అడిగారు.

"మూడు పాయింటు సున్నా నుంచి రెండు పాయింటు ఆరుకి దింపడమండి."

"అంటే పై స్థాయిలో ఉన్న ఉద్యోగిని కింది స్థాయికి తగ్గించడం. ఇది నియమావళి ప్రకారం పెద్ద శిక్ష. అభియోగపత్రం ఇవ్వకుండా, విచారణాధికారిని వేయకుండా, ఉద్యోగి వాదన వినకుండా ఏ అధికారీ ఆ శిక్ష వేయడానికి వీల్లేదు. మీరు బయటి వ్యక్తి. ఒక ప్రభుత్వోద్యోగి హోదాని మీరెలా తగ్గిస్తారు?"

నూకరత్నం నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"పోనీ మూత విప్పి ఒక్కసారి లోపల చూడనా?" అంది.

"ఉద్యోగి శరీరాన్ని విప్పడానికి మీరు డాక్టరా?" అన్నారు వైకుంఠరావు గారు.

ఆవిడ స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుని, "ఇన్నాళ్ళూ ఏ నట్టు వదులైందో సూసీదాన్ని. ఇయ్యాళ మనిషిలో నట్టు వదులైంది" అని మెల్లిగా నాతో అని వెళ్ళిపోయింది.

పాతకాలంలో అయితే కంప్యూటర్ పాడైతే సామగ్రి రిజిస్టరులో పేజీ చూసి, మరమ్మతుకి అర్జీ పెట్టేవాళ్ళం. రెండు నెలలకైనా ఎవరో ఒకరు వచ్చేవారు. ఇప్పుడు ఆ రిజిస్టరులో నాలుగో నంబరు పేరు ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. ఆయన సామగ్రి కాదు. మరమ్మతుల విభాగానికి ఫోన్ చేస్తే, "ఉద్యోగులతో మాకు సంబంధం లేదండి, సిబ్బంది విభాగానికి చెప్పండి" అన్నారు. సిబ్బంది విభాగం వారు, ఆయన గురించి తామే ఉత్తరం రాయబోతున్నామని చెప్పారు.

మాట తప్పలేదు. గురువారం మెమో వచ్చింది. "పై విషయమై తెలియజేయునదేమనగా, డెస్క్‌టాప్ నం. 4 అను మీరు, తేది 9 నుండి 11 వరకు మొత్తం నూటరెండు పర్యాయములు ముందస్తు అనుమతి లేకుండ విధులకు గైర్హాజరైనట్లు హాజరు వ్యవస్థ ద్వారా వెల్లడైనది. మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో మీ స్వంత సంజాయిషీ సమర్పించవలెను."

మెమో అందినట్టు ఉద్యోగి సంతకం కావాలి. వైకుంఠరావు గారు కాసేపు ఆలోచించి, మెమోని డెస్క్‌టాప్ గారి నెత్తిన అతికించి, 'నివాస స్థలమున అంటించడమైనది' అని రాసి నన్ను సాక్షి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను పెట్టిన సంతకాల్లో అది మరీ అంత సిగ్గుమాలినదేం కాదు.

సంజాయిషీ స్వయంగా ఇవ్వాలన్నారు కాబట్టి ఆయన ఎదురుగా కూర్చుని, ఆయన తరఫున ఆయనలోనే టైపు చేశాను. 'అయ్యా, నాలో ప్రవేశపెట్టిన అప్‌డేట్ కారణంగా' అనేసరికి పదకొండో నిమిషం వచ్చింది. నీలం తెర, ఏడుపు మొహం. వైకుంఠరావు గారు ఆ తెరని ఫోన్లో ఫొటో తీసి పంపించారు. మర్నాడు పైనుంచి జవాబు వచ్చింది. "సదరు ఉద్యోగి తన పొరపాటునకు కన్నీటితో పశ్చాత్తాపము వ్యక్తపరచినట్లు పరిశీలనలో తేలినందున, చర్య నిలిపివేయడమైనది. అయితే అనారోగ్యముందేమో నిర్ధారించుటకు వైద్యపరీక్షకు పంపవలెను."

గవరయ్య ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. రోజూ పదింటికి వచ్చి, మా వసారాలో బండి పెట్టుకుని కూర్చునేవాడు. పొద్దుటి బేరాలు పోయాయి. మధ్యాహ్నానికి బెండకాయలు ముదిరినట్టు అయిపోయేవి. సాయంత్రం నేను బయటికి వస్తుంటే లేచి నిలబడేవాడు. "రేపు రమ్మంటారేటి బాబూ?" అని అడిగేవాడు. అవుననేవాణ్ణి. ఒకరోజు ఆ ప్రశ్న అడక్కుండానే వెళ్ళిపోయాడు.

వైద్యపరీక్షకి డెస్క్‌టాప్ గారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆఫీసు జీపులో సామగ్రి ఎక్కించవచ్చు, అధికారులు ఎక్కవచ్చు. గుమస్తా స్థాయి ఉద్యోగి ఎక్కకూడదు. వసారాలో బండి ఉంది కదా అన్నారు వైకుంఠరావు గారు. గవరయ్య వంకాయలు ఒక పక్కకి జరిపి, గోనె పరిచి, ఆయన్ని పసిబిడ్డలా కూర్చోబెట్టి రెండు కిలోమీటర్లు తొక్కుకొచ్చాడు. నేను పక్కన నడిచాను. దారిలో ఎవరో వంకాయలెంత అని అడిగారు. ఇంకెవరో కంప్యూటర్ ఎంత అని అడిగారు.

ఆసుపత్రి చీటీలో వయసు రాయాలన్నారు. కొని ఆరేళ్ళయింది కాబట్టి ఆరు అని చెప్పాను. చిన్నపిల్లల విభాగానికి పొమ్మన్నారు. అక్కడ నలభైమంది తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి రెండు గంటలయింది. డాక్టరమ్మ తలెత్తి చూసింది, నా చేతిలో ఉత్తరం చదివింది, మళ్ళీ డెస్క్‌టాప్ గారిని చూసింది.

"నేనేం రాయకపోతే?" అంది.

"జిల్లా బోర్డుకి పంపుతారండి."

"అక్కడా రాయకపోతే?"

"రాజధానికండి."

ఆవిడ గవరయ్య కాళ్ళు చూసింది, బండి తొక్కి చెమటలు కారుతున్న మొహం చూసింది. కొత్తగా ఏమైనా తేలుతుందేమోనని డెస్క్‌టాప్ గారిని అక్కడి ప్లగ్గులో పెట్టి ఆన్ చేశాం. ఆవిడ పైన అరచెయ్యి ఆనించి, "వేడిగా ఉంది" అంది. అదే చీటీ మీద రాసింది: 'ఒళ్ళు వేడి. తరచూ స్పృహ తప్పుట. ఏడు రోజుల విశ్రాంతి.' చీటీ ఇస్తూ, "ఎవరైనా కంప్యూటర్ తెలిసినవాళ్ళకి చూపించండి" అంది.

"చూపించామండి. వాళ్ళకి అర్హత లేదట."

తిరిగి బయల్దేరాం. రైలు గేటు దగ్గర ఆగినప్పుడు గవరయ్య అడిగాడు. "దీనికి ఏడ్రోజులు సెలవంటే, మా గుంట గతేటండి?"

ఆ రోజు పదిహేడో తేదీ. ఏడు రోజులంటే ఇరవై నాలుగు దాకా. నేను లెక్క చెప్పలేదు. అతను కూరగాయలు అమ్మేవాడు, లెక్క నాకన్నా ముందే వేసుకున్నాడు.

వైకుంఠరావు గారి దగ్గరికి వెళ్ళి, నా ఉద్యోగజీవితంలో మొదటిసారి కుర్చీ లాక్కుని అడక్కుండా కూర్చున్నాను. "చేతితో రాసి ఇచ్చేద్దామండి. ముద్ర వేసి మీరు సంతకం పెడితే గురుకులం వాళ్ళు కాదనరు. ఆ పిల్ల సీటు పోతుంది" అన్నాను.

"భాస్కరం గారూ, జాలి వేరు, నిబంధన వేరు. చేతిరాత ధ్రువపత్రాలు రద్దయి తొమ్మిదేళ్ళయింది. నేను మనిషిగా మీతో ఏకీభవిస్తాను. అధికారిగా నేను మనిషిని కాను" అన్నారాయన. ఆయన నిజం ఒప్పుకోగా వినడం నాకు అదే మొదలు.

ఇరవై నాలుగో తేదీ మంగళవారం. డెస్క్‌టాప్ గారు గోడవైపు తిరిగి, మీద తువ్వాలు కప్పుకుని విశ్రాంతిలో ఉన్నారు. మధ్యాహ్నం మూడింటికి రాజధాని నుంచి డిప్యూటీ డైరెక్టరు కాత్యాయని గారు ఫోన్ చేశారు. వైకుంఠరావు గారు లేచి నిలబడి మాట్లాడారు, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి.

"మీ నాలుగో నంబరు రాష్ట్రానికే ఆదర్శం, వైకుంఠరావు గారూ. యంత్రానికి వైద్య సెలవు మంజూరు చేసిన తొలి శాఖగా మనం ఇవాళ సాయంత్రం ప్రకటన ఇస్తున్నాం. కానీ సెలవు మంజూరుకి సర్వీసు పుస్తకం ఉండాలి కదా? ఆయన సర్వీసు పుస్తకం ఏదీ? నాలుగున్నర లోపు ఫొటో తీసి పంపించండి. స్థానికత ధ్రువపత్రం జతపరచడం మరవకండి. స్థానికుడో కాదో తేలకుండా ఉద్యోగంలో ఎలా ఉంచుతాం?"

ఫోన్ పెట్టేశాక వైకుంఠరావు గారి నుదుటి మీద చెమట పట్టింది. "నివాస ధ్రువపత్రం తీయండి, ఆయన పేరున" అన్నారు.

"ఎందులోంచి తీయమంటారండి? తీసేది ఆయనే. ఆయన సెలవులో ఉన్నారు."

"చేతితో రాయండి."

నాకు సరిగా వినపడలేదనుకున్నాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పారు.

"చేతిరాత రద్దయి తొమ్మిదేళ్ళయిందని వారం కింద తమరే అన్నారు."

"అది ప్రజలకి. ఉద్యోగుల సర్వీసు వ్యవహారాల్లో అత్యవసరంగా చేతిరాత చెల్లుతుందని పద్నాలుగో నిబంధన. ఉద్యోగికీ, ఆయన కుటుంబ సభ్యులకీ కూడా. త్వరగా కానివ్వండి."

నాకు ఒళ్ళు మండింది. పదిహేను రోజులు ఒక మనిషిని వసారాలో కూర్చోబెట్టి ఎండబెట్టాం. నిబంధన ఆ బీరువాలోనే ఉంది. ఉన్నట్టు ఆయనకి తెలుసు. అడిగింది నాలుగో నంబరు కాబట్టి గుర్తొచ్చింది. నేను కలం తీశాను.

పాత ఫారం తీసి రాయడం మొదలుపెట్టాను. 'పెదగెడ్డపాలెం మండలమునకు చెందిన డెస్క్‌టాప్ నం. 4 అను వారు గత ఆరు సంవత్సరములుగా ఇచ్చటనే నివసించుచున్నారని.' నిజమే, ఒక్కరోజు ఊరు వదల్లేదు. కింద కుటుంబ సభ్యుల గడి వచ్చింది.

"కుటుంబ సభ్యులండీ?" అన్నాను.

"ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ఖాళీ ఉంటే మేడం తిప్పి పంపుతారు. ఏదో ఒకటి నింపండి."

ఏదో ఒకటి నింపాను. కూతురు: తనూష, వయసు పది.

ఆయన సంతకం పెట్టబోతూ ఆగారు. "తండ్రికి ఆరేళ్ళు, కూతురికి పదేళ్ళా?" అన్నారు.

"అప్‌డేట్ వల్ల వచ్చిన తేడా అయ్యుంటుందండి."

"అయితే సరే" అని సంతకం పెట్టి ముద్ర వేశారు. తనూష ఎవరని అడగలేదు. పదిహేను రోజులు ఆ పిల్ల పేరున్న దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవారు.

రెండో ప్రతి కూడా రాసి సంతకం, ముద్ర వేయించుకున్నాను. ఒకటి కొత్తగా తెరిచిన సర్వీసు పుస్తకంలో అంటించి, ఫొటో రాజధానికి పంపాం. రెండోదాన్ని పట్టుకుని, ఇరవై తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పరిగెత్తనివాణ్ణి, వసారాలోకి పరిగెత్తాను. నాలుగూ ఇరవై అయింది. గవరయ్య బండి మీద నేనూ, ఆ రోజు బడి మానేసి తండ్రి వెంట వచ్చిన తనూషా కూర్చున్నాం. గురుకులం ఊరికి అవతల ఉంది. అతను తొక్కిన తొక్కుడికి బెండకాయలు దారి పొడుగునా రాలాయి.

అయిదుకి పది నిమిషాలు ఉండగా గురుకులం గుమస్తా బల్ల మీద కాగితం పెట్టాను. ఆయన దరఖాస్తునీ, ధ్రువపత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"దరఖాస్తులో తండ్రి పేరు గవరయ్య అని ఉంది. దీంట్లో వేరే ఉందే?"

"ధ్రువపత్రంలో ఉన్నదే ప్రమాణం కదండీ" అన్నాను. ఈ మాట మేం అందరికీ చెప్పేదే.

"అదీ నిజమే" అని ఎర్రకలం తీసి గవరయ్య పేరు కొట్టేసి పైన 'డెస్క్‌టాప్ నం. 4' అని రాసుకున్నాడు. వృత్తి దగ్గర ప్రభుత్వోద్యోగి. అక్కడ మళ్ళీ ఆగాడు. "ప్రభుత్వోద్యోగుల పిల్లలకి ఆదాయ పరిమితి ఉంది. జీతమెంత?"

"ఇంకా మంజూరు కాలేదండి."

ఇది మాత్రం ఆయన వెంటనే నమ్మాడు. "మా పరిస్థితీ అంతే" అని ముద్ర వేశాడు.

గవరయ్య గుమ్మం అవతల నుంచి ఎర్రకలం చూశాడు. చదువు రాదు గానీ తన పేరు ఎలా ఉంటుందో తెలుసు. "నా పేరు కొట్టీసినారేటి బాబూ?" అన్నాడు.

సంగతి చెప్పాను. ఎంత మెల్లిగా చెప్పినా చెప్పవలసింది అదే కదా. అతను విన్నాడు.

"గుంటకి సీటొచ్చినట్టేనా?"

"వచ్చినట్టే."

"అయితే కొట్టీమనండి" అన్నాడు.

సెలవు ముగిసి డెస్క్‌టాప్ గారు విధుల్లో చేరారు. చేరిన పదకొండో నిమిషంలో పడిపోయారు. వసారాలో జనం పెరిగారు. ఎవరి గడువు వాళ్ళది, ఎవరి గోల వాళ్ళది. సర్వీసు పుస్తకంలో కుటుంబ వివరాలు సవరించుకునే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉందని పదహారో నిబంధన. ఆ నెలలో ఆయనకి ఇంకో ఇరవై ఆరుగురు పిల్లలు పుట్టారు. అందులో ఒకాయనకి అరవై రెండేళ్ళు. సంచాలకుల కార్యాలయం ఒక్క ముక్క అనలేదు. గడులన్నీ నిండి ఉన్నాయి.

జూలై రెండో ఆదివారం గురుకులంలో తల్లిదండ్రుల సమావేశం. నోటీసు మా ఆఫీసు చిరునామాకి వచ్చింది, నాలుగో నంబరు పేరున. 'తండ్రి స్వయంగా హాజరు కావలెను. కానిచో ప్రవేశము పునఃపరిశీలించబడును.' వైకుంఠరావు గారు ఆయనకి ఒక పూట అనుమతి మంజూరు చేసి, నన్ను వెంట వెళ్ళమన్నారు. గవరయ్య బండి తీసుకొచ్చాడు. అదే గోనె. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. హ్యాండిల్‌కి చిన్న సంచి కట్టుకున్నాడు, అందులో బెల్లంతో వండిన పాకుండలు ఉన్నాయి. బళ్ళో దింపిన దగ్గర్నుంచి కూతుర్ని చూడలేదు.

గేటు దగ్గర మీసాల కాపలాదారు రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాడు. పిల్ల పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, రిజిస్టరులో వేలు పెట్టి వెతికాడు. బండి మీదున్న డెస్క్‌టాప్ గారిని చూసి, ఉద్యోగి గుర్తింపు కార్డు సరిచూసి, "వెళ్ళొచ్చు" అన్నాడు. నన్ను చూశాడు. ఆఫీసు ఉత్తరం చూపించాను. "వెళ్ళొచ్చు." గవరయ్యని చూశాడు.

"నువ్వెవరు?"

గవరయ్య నా వైపు చూశాడు.

"పిల్ల నాన్న" అన్నాను.

"తండ్రి లోపలికి వెళ్తున్నారు కదండీ. ఒక పిల్లకి ఒక్క తండ్రే. మిగతావాళ్ళు బయట ఉండాలి." అతను కరుగ్గా అనలేదు. తన రిజిస్టరులో ఉన్నది చదివాడు, అంతే. నా రిజిస్టర్లు నేను చదివినట్టే.

"పర్లేదు బాబూ, నానిక్కడుంటాను. ఇయి దానికియ్యండి" అని గవరయ్య సంచి విప్పి నా చేతిలో పెట్టబోయాడు.

నేను సంచి తీసుకోలేదు. "మనుషులు కాకుండా సామాను లోపలికి వెళ్ళాలంటే ఎలా?" అని కాపలాదారుని అడిగాను.

"దానికి వేరే రిజిస్టరుందండి. లోపలికెళ్ళే ఉద్యోగి వెంట వచ్చిన సామాను అని రాసి, విడిగా గేట్ పాస్ తీసుకోవాలి."

"ఇవ్వండి."

రిజిస్టరు తీసుకుని రాశాను. ఉద్యోగి: డెస్క్‌టాప్ నం. 4. వెంట వచ్చిన సామాను: మూడు చక్రాల బండి ఒకటి, గోనె ఒకటి, మనిషి ఒకటి. కాపలాదారు చదివాడు. గవరయ్యని కిందనుంచి పైదాకా చూశాడు. అతని పనికి సంబంధించినంత వరకూ తప్పేమీ కనపడలేదు. ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది.

"ఈ సామాను తిరిగి బయటికొచ్చేదా, లోపలే ఉండిపోయేదా?"

"తిరిగొచ్చేదే" అని రాశాను. గవరయ్య కింద వేలిముద్ర వేశాడు.

హాల్లో డెస్క్‌టాప్ గారిని ముందు వరసలో కుర్చీ మీద కూర్చోబెట్టి, ప్లగ్గు పెట్టారు. ప్రిన్సిపాల్ ఉపన్యాసం పదకొండో నిమిషంలో ఉండగా ఆయన తెర నీలమై ఏడుపు మొహం పెట్టారు. 'ఒక తండ్రి హృదయం' అని ప్రిన్సిపాల్ గద్గదంగా అంటే అందరూ చప్పట్లు కొట్టారు. తనూష ఆ కుర్చీ పక్కనుంచే పరిగెత్తుకొచ్చింది. దాని వైపు చూడనైనా చూడలేదు. హాలు చివర సామాను పెట్టే మూలలో, బండి పక్కన నిలబడ్డ తండ్రిని నడుం దగ్గర కరుచుకుంది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినదగ్గ మనిషిని కాను. పాకుండలు మాత్రం ఇద్దరూ చెరొకటీ తిన్నారు.

అయిదింటికి గేటు దగ్గర కాపలాదారు గేట్ పాస్ తీసి, వెళ్ళిన సామాను తిరిగొచ్చిందో లేదో ఒక్కొక్కటీ సరిచూశాడు. బండి ఒకటి. గోనె ఒకటి. గవరయ్య భుజం మీద చెయ్యి వేసి, మనిషి ఒకటి అన్నాడు. గవరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు, ఎంత తుడిచినా ఆగడం లేదు.

"డ్యామేజీ ఏమైనా ఉందా?" అని కాపలాదారు నన్ను అడిగాడు.

లేదని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. నా సర్వీసులో పెట్టిన దొంగ సంతకాలన్నిటిలోకీ అదొక్కటే నాకు ఇప్పటికీ గుర్తుంది.